పాత మియాటాను ట్రాక్ డేకి సిద్ధం చేయడం, ఖర్చు లెక్క: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉంటూ, పాత మాజ్డా మియాటా (రెండు సీట్ల, టాప్ తీసే చిన్న స్పోర్ట్స్ కారు) ఒకటి కొని ట్రాక్ మీద నడపాలనుకునే మన తెలుగువాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలకు ఇవి జవాబులు. మొదటి తరం ఎన్‌ఏ, రెండో తరం ఎన్‌బీ కార్ల గురించే రాశాను. డాలర్లలో ఇచ్చిన ధరలు నా సుమారు అంచనాలు. మీ ఊళ్ళో, మీరు కొనే రోజున కొంచెం అటూ ఇటూ ఉంటాయి. మొదటి నుంచి చివరిదాకా నేను పట్టుబట్టి చెప్పేది ఒకటుంది: డబ్బు ముందు కారు ఆగడానికి, చల్లబడడానికి, మీరు నేర్చుకోవడానికి పెట్టండి. వేగం కోసం పెట్టే ఖర్చు ఆ తర్వాతే.

ట్రాక్ డే అంటే రేసా?

కాదు. టైమింగ్ ఉండదు, గెలుపు ఓటములు ఉండవు. చాలా క్లబ్బులు దీన్ని హెచ్‌పీడీఈ (హై పెర్ఫార్మెన్స్ డ్రైవర్ ఎడ్యుకేషన్) అని పిలుస్తాయి. మామూలు రోడ్డు కారుతో, అనుభవాన్ని బట్టి విడదీసిన గ్రూపుల్లో నడుపుతారు. సాధారణంగా రోజుకు 20 నిమిషాల సెషన్లు నాలుగు ఉంటాయి. కొత్తవాళ్ళకు పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ కూర్చుంటారు, మధ్యలో క్లాసులు కూడా ఉంటాయి. కొత్తవాళ్ళ గ్రూపులో ఓవర్‌టేక్ చేయడానికి కొన్ని స్ట్రెయిట్లే (మలుపుల్లేని తిన్నని భాగాలు) కేటాయిస్తారు. అక్కడ కూడా ముందున్న డ్రైవర్ చేయి చూపించి దారి ఇస్తేనే దాటాలి. దీన్ని పాయింట్ బై అంటారు.

బీఎండబ్ల్యూ, పోర్షే క్లబ్బుల ఈవెంట్లకు వేరే కంపెనీల కార్లను కూడా చాలాచోట్ల రానిస్తారు. ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) వాళ్ళు 2015 నుంచి ట్రాక్ నైట్ ఇన్ అమెరికా అని నడుపుతున్నారు. వారం మధ్యలో ఆఫీసు అయ్యాక సాయంత్రం పూట 20 నిమిషాల సెషన్లు మూడు. ఫీజు తక్కువ, కానీ పక్కన ఇన్‌స్ట్రక్టర్ కూర్చోవడం మామూలుగా ఉండదు. అందుకే మొట్టమొదటి రోజుకు మాత్రం ఇన్‌స్ట్రక్టర్ ఉన్న హెచ్‌పీడీఈనే ఎంచుకోండి.

ఇన్ని కార్లుండగా మియాటానే ఎందుకు?

బరువు తక్కువ. సుమారు 1,000 కిలోలు, ఏడాదిని బట్టి కొంచెం అటూ ఇటూ. బరువు తక్కువైతే టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, రోటర్లు (ప్యాడ్లు పట్టుకునే బ్రేక్ డిస్కులు) అన్నీ నెమ్మదిగా అరుగుతాయి, ధర కూడా తక్కువే. పెద్ద హార్స్‌పవర్ కారు ఒక్క వారాంతంలో తినేసే బ్రేకుల ఖర్చుతో మియాటా చాలా రోజులు తిరుగుతుంది. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ ఉంది, ఇంజిన్ ముందు, డ్రైవ్ వెనక చక్రాలకు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో వచ్చినప్పటి నుంచి ఈ కారు మీద రేసింగ్ వాళ్ళు ఎంత పని చేశారంటే, స్పెక్ మియాటా పేరుతో ఒక పూర్తి రేసు తరగతే నడుస్తోంది. దాని పుణ్యమా అని మనకు దొరకని విడి భాగం లేదు, ఎవరూ ఇంతకుముందు పరిష్కరించని సమస్య దాదాపు లేదు.

ఇంకో కారణం నాకు అన్నిటికన్నా ముఖ్యం. పవర్ తక్కువ కాబట్టి మలుపులో పోగొట్టుకున్న వేగాన్ని స్ట్రెయిట్‌లో యాక్సిలరేటర్ తొక్కి వెనక్కి తెచ్చుకోలేరు. మలుపులో వెళ్ళాల్సిన సరైన దారి (లైను) తప్పితే వెంటనే తెలిసిపోతుంది. నేర్చుకునేవాళ్ళకు ఇంతకన్నా ఏం కావాలి?

ఏ ఏడాది మోడల్ కొనాలి?

1990 నుంచి 1993 వరకు అమెరికాలో వచ్చినవి 1.6 లీటర్ల ఇంజిన్, 116 హార్స్‌పవర్. 1994లో 1.8 లీటర్ల ఇంజిన్ వచ్చింది, 128 హార్స్‌పవర్. 1996, 97ల్లో 133. 1.8తో పాటు ముందు రోటర్లు 235 మిల్లీమీటర్ల నుంచి 255కి పెరిగాయి, వెనక చక్రాలకు పవర్ పంచే డిఫరెన్షియల్ కూడా గట్టిపడింది. 1999లో ఎన్‌బీ వచ్చింది, 140 హార్స్‌పవర్. పైకి లేచే హెడ్‌లైట్లు పోయాయి. ట్రాక్ కోసమే అయితే నా ఓటు 1994 నుంచి 1997 వరకు వచ్చిన ఎన్‌ఏకి, లేదా 1999, 2000 ఎన్‌బీకి.

1990, 1991 మొదట్లో వచ్చిన కార్లు కొనేటప్పుడు ఒకటి చూడాలి. వాటిలో కొన్నింటికి క్రాంక్‌షాఫ్ట్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) ముందు కొస పొట్టిగా ఉంటుంది. ఆ కొసకు వేసే బోల్టు ఎప్పుడైనా సరిగా బిగించకపోతే అక్కడ ఉండే చిన్న లోహపు ముక్క (కీ) వదులై క్రాంక్ కొసే చెడిపోతుంది. ముందు పుల్లీలో నాలుగు గాట్లు కనిపిస్తే పొట్టి రకం, ఎనిమిది కనిపిస్తే పెద్ద రకం. పొట్టిదైతే వద్దనే చెబుతాను, మార్కెట్లో మంచివి చాలా ఉన్నాయి.

కొనేముందు ఏం చూడాలి?

తుప్పు ముందు చూడండి. టాప్ మీద పడ్డ నీళ్ళు సీట్ల వెనక ఉన్న డ్రెయిన్ గొట్టాల గుండా కిందికి పోవాలి. ఆకులు, మట్టి చేరి అవి మూసుకుపోతే నీళ్ళు లోపలే నిలిచి, తలుపు కింది రాకర్ ప్యానెల్ వెనక చక్రం దగ్గర లోపలి నుంచి కుళ్ళిపోతుంది. పైన పెయింట్ మెరుస్తున్నా అక్కడ వేలితో నొక్కి చూడండి. ఉబ్బు కనిపిస్తే ఆ కారు వదిలేయండి. ఇంజిన్ మార్చవచ్చు కానీ తుప్పు పట్టిన బాడీని చవగ్గా బాగుచేయలేం. మంచు రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల కార్ల కన్నా టెక్సస్, కాలిఫోర్నియా, అరిజోనా కార్లు ఈ విషయంలో నయం.

రేడియేటర్ పైన ఉన్న ప్లాస్టిక్ ట్యాంకు నల్లగా ఉండాలి. గోధుమ రంగుకు తిరిగితే అది పగిలే రోజు దగ్గరపడిందని లెక్క. ఇంజిన్ వెనక, ఫైర్‌వాల్ వైపు ఆయిల్ చెమ్మ ఉంటే క్యామ్ యాంగిల్ సెన్సర్ ఓ రింగ్ గట్టిపడి ఉండొచ్చు. రింగ్ ధర చాలా తక్కువ, చేయి దూరే చోటే తక్కువ. క్లచ్ స్లేవ్ సిలిండర్ కారడం కూడా ఈ కార్లలో మామూలే. టైమింగ్ బెల్ట్ 60,000 మైళ్ళకు మార్చాలి. మార్చిన రసీదు లేకపోతే మార్చలేదనే అనుకుని ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోండి.

చవగ్గా వస్తోందని తొందరపడొద్దు. చవగ్గా కొని, తర్వాత గొణుక్కుని లాభం లేదు. రెండు వేల డాలర్లు ఎక్కువ పెట్టి బాగా చూసుకున్న కారు కొంటే, మొదటి ఏడాదిలోనే ఆ డబ్బు తిరిగి వచ్చినట్టవుతుంది.

మొదటి ట్రాక్ డేకి కనీసం ఏం చేయాలి?

రోల్ బార్ (కారు తిరగబడితే తలను కాపాడడానికి సీట్ల వెనక బిగించే ఉక్కు గొట్టం, దాని గురించి కింద రాశాను) తప్ప కొత్తగా ఏమీ తగిలించక్కర్లేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో ఆ స్థితికి తెస్తే చాలు, కానీ పాతికేళ్ళు దాటిన కారుకు అదే పెద్ద పని. ఇంజిన్ ఆయిల్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఆయిల్, కూలెంట్ అన్నీ మార్చేయండి. అంతకుముందు ఓనర్ మార్చానన్నా సరే, ఇంకోసారి మార్చండి. బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తది. ప్యాడ్లు సగానికన్నా ఎక్కువ మందం ఉండాలి. రబ్బరు బ్రేక్ గొట్టాలు పగుళ్ళు పట్టి ఉంటే స్టీల్ అల్లిక ఉన్నవి వేయించండి. కూలెంట్ హోస్‌లు, థర్మోస్టాట్, రేడియేటర్ మూత ఒకేసారి మార్చేస్తే వాటి గురించి మళ్ళీ టెన్షన్ ఉండదు.

జాకీ మీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట ఉంటే హబ్ (చక్రం బిగించే భాగం) బేరింగ్ గానీ బాల్ జాయింట్ గానీ పోయినట్టే. ముందు హబ్బులు ట్రాక్ మీద ఈ కారు బలహీనతల్లో ఒకటి. రోడ్డుకు ఎక్కువ పట్టు ఇచ్చే జిగురు టైర్లు వేసే కొద్దీ వాటి ఆయుష్షు తగ్గుతుంది.

బ్యాటరీ డిక్కీలో ఉంటుందని చాలామంది మరిచిపోతారు. దాని బిగింపు గట్టిగా ఉందో లేదో టెక్ ఇన్‌స్పెక్షన్‌లో (ట్రాక్ ఎక్కేముందు క్లబ్ వాళ్ళు చేసే తనిఖీ) తప్పకుండా ఊపి చూస్తారు. వీల్ నట్లు టార్క్ రెంచ్‌తోనే బిగించండి, మాజ్డా చెప్పిన లెక్క 65 నుంచి 87 ఫుట్ పౌండ్లు. ఒక సెషన్ అయ్యాక చక్రాలు చల్లబడనిచ్చి మళ్ళీ చూడండి. కారులో ఏ వస్తువూ వదులుగా ఉండకూడదు: నీళ్ళ సీసా, ఫోను, సన్‌గ్లాసెస్, కింద వేసే మ్యాట్లు అన్నీ తీసేయాలి. పెడల్ కిందికి దొర్లిన సీసా ఎంత పని చేస్తుందో చెప్పక్కర్లేదు.

బ్రేక్ ఫ్లూయిడ్ గురించి అందరూ అంత గట్టిగా ఎందుకు చెబుతారు?

ఒక చిన్న లెక్క చూడండి. డ్రైవర్‌తో కలిపి 1,150 కిలోల కారు గంటకు 160 కిలోమీటర్ల నుంచి 80కి తగ్గిందనుకోండి. పోయిన గతిశక్తి సుమారు 0.85 మెగాజౌళ్ళు. దాంతో 30 డిగ్రీల దగ్గరున్న దాదాపు 3 లీటర్ల నీళ్ళను మరిగే స్థాయికి తేవచ్చు. అంత వేడీ మూడు నాలుగు సెకన్లలో నాలుగు ఇనుప రోటర్లలోకి పోతుంది. ప్రతి ల్యాప్‌లో అలాంటి మలుపులు కొన్ని ఉంటాయి, అలా 20 నిమిషాలు తిరుగుతారు.

ఆ వేడి ప్యాడ్ దాటి, దాన్ని నొక్కే కాలిపర్‌లోకి, అక్కడి నుంచి ఫ్లూయిడ్‌లోకి వెళ్తుంది. బ్రేక్ ఫ్లూయిడ్‌కు గాలిలోని తేమను పీల్చే గుణం ఉంది. అమెరికా ప్రమాణాల్లో డాట్ 3 అనే రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ చేరాక అది 140కి పడిపోతుంది. డాట్ 4కి ఆ అంకెలు 230, 155. ఫ్లూయిడ్ మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవం నలగదు కానీ ఆవిరి నలుగుతుంది కాబట్టి పెడల్ నేల దాకా పోయినా కారు ఆగదు. మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 లాంటి రేసింగ్ ఫ్లూయిడ్ పొడిగా ఉన్నప్పుడు 300 డిగ్రీలు దాటాక గానీ మరగదు. సీసా 25 డాలర్ల లోపే. ఈ మొత్తం పనిలో ఇంత తక్కువ డబ్బుతో ఇంత పెద్ద ప్రమాదాన్ని తప్పించేది ఇంకొకటి లేదు.

డాట్ 5 అని రాసి ఉన్నది మాత్రం కొనకండి, అది సిలికాన్ రకం, మామూలు ఫ్లూయిడ్‌తో కలవదు. డాట్ 5.1 వేరు, అది పర్లేదు. ఫ్లూయిడ్ కనీసం ఏడాదికోసారి, ట్రాక్ డేలు ఎక్కువైతే ఇంకా తరచుగా మార్చి, గాలి బుడగలు లేకుండా బ్లీడ్ చేయాలి.

ప్యాడ్లు ఏవి వేయాలి?

రోడ్డు ప్యాడ్లతో మొదటి రోజు, ఇన్‌స్ట్రక్టర్ చెప్పిన వేగంలో అయితే నడుస్తుంది. రెండో రోజు నుంచి ట్రాక్‌కు కూడా పనికొచ్చే ప్యాడ్లు కావాలి. పూర్తి రేసు ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టవు, కీచుమంటాయి, రోటర్లను తినేస్తాయి. అదే కారులో ట్రాక్‌కు వెళ్ళి అదే కారులో ఇంటికి వచ్చేవాళ్ళు మధ్యరకం తీసుకోవాలి. కొత్త ప్యాడ్లు వేశాక తయారీదారు చెప్పిన పద్ధతిలో బెడ్డింగ్ (ప్యాడ్, రోటర్ ఒకదానికొకటి కుదురుకునేలా వేడి చేయడం) చేయకుండా ట్రాక్ ఎక్కొద్దు. పెద్ద కాలిపర్ల కిట్లు ఇప్పట్లో మీకు అవసరం లేదు, ఇంత తేలిక కారుకు మంచి ప్యాడ్, మంచి ఫ్లూయిడ్ సరిపోతాయి.

రోల్ బార్ తప్పనిసరా?

టాప్ తీసే కారుకు చాలా క్లబ్బులు తప్పనిసరి అంటాయి. క్లబ్ అడగకపోయినా నేను తప్పనిసరే అంటాను. మియాటాలో మీ తలపైన ఉన్నది గుడ్డ. ఫ్యాక్టరీ హార్డ్‌టాప్ ఉన్నా అది కారు తిరగబడినప్పుడు బరువు మోయడానికి చేసింది కాదు. సీట్ల వెనక హెడ్‌రెస్ట్‌లా అందంగా కనిపించే స్టైల్ బార్లు కూడా లెక్కలోకి రావు.

దీనికి కర్ర పరీక్ష ఒకటుంది. డ్రైవర్ హెల్మెట్ పెట్టుకుని, బెల్టు కట్టుకుని కూర్చున్నాక, రోల్ బార్ పై నుంచి విండ్‌షీల్డ్ పై అంచు దాకా ఒక పొడవాటి కర్ర పెడతారు. హెల్మెట్ ఆ కర్ర కిందే ఉండాలి. కొన్ని క్లబ్బులు రెండు అంగుళాల ఖాళీ కూడా అడుగుతాయి. పొడుగైనవాళ్ళకు ఇక్కడే ఇబ్బంది వస్తుంది. అప్పుడు ముందు చేసేది సీటు కవర్ విప్పి అడుగు ఫోమ్ కోసి పల్చన చేయడం, దీనికి పైసా ఖర్చు లేదు. అది చాలకపోతే కిందికి కూర్చునే రేసింగ్ సీటు. కారు కొనకముందే హెల్మెట్ పట్టుకెళ్ళి ఒకసారి కూర్చుని చూసుకోవడం మంచిది.

బార్ మీద తల తగిలే చోట గట్టి రకం ప్యాడింగ్ పెట్టాలి, దాని మీద ఎస్‌ఎఫ్‌ఐ 45.1 అనే భద్రతా ప్రమాణం పేరు రాసి ఉంటుంది. చుట్టూ ఉక్కు గొట్టాలతో కట్టే పూర్తి కేజ్ మాత్రం రోడ్డు మీద తిరిగే కారుకు వద్దు. హెల్మెట్ లేని తలకు పక్కనే ఉన్న ఉక్కు గొట్టం, చిన్న యాక్సిడెంట్‌లో కూడా ప్రాణాంతకం కావచ్చు. ఐదు పాయింట్ల, ఆరు పాయింట్ల హార్నెస్‌లు (రేసింగ్ బెల్టులు) కూడా విడిగా కొని తగిలించేవి కావు. బార్, సీటు, హార్నెస్ మూడూ ఒకదానికొకటి సరిపోవాలి. పైగా ఇన్‌స్ట్రక్టర్ సీటుకు కూడా అదే రకం ఉండాలని చాలా క్లబ్బులు పట్టుబడతాయి. మొదట్లో ఫ్యాక్టరీ బెల్టే మంచిది.

బైక్ హెల్మెట్ వాడొచ్చా?

కొన్ని ఈవెంట్లలో ఒప్పుకుంటారు, చాలావాటిలో కుదరదు. లోపల స్నెల్ (హెల్మెట్లను పరీక్షించే సంస్థ) స్టిక్కర్ మీద ఎం అని ఉంటే మోటార్ సైకిల్‌కు, ఎస్‌ఏ అని ఉంటే కారు రేసింగ్‌కు. ఎస్‌ఏ రకాన్ని మంటకు తట్టుకుంటుందా, రోల్ బార్‌కు గుద్దుకుంటే ఆగుతుందా అని కూడా పరీక్షిస్తారు. ప్రమాణం ఐదేళ్ళకోసారి మారుతుంది: ఎస్‌ఏ2015, ఎస్‌ఏ2020, ఎస్‌ఏ2025. సాధారణంగా చివరి రెండింటినే అనుమతిస్తారు కాబట్టి డిస్కౌంట్‌లో వస్తోందని పాత తేదీది కొనొద్దు.

ఇంజిన్ వేడెక్కకుండా ఏం చేయాలి?

ముందు డ్యాష్‌బోర్డ్ మీటర్‌ను నమ్మడం మానేయాలి. ఈ కార్ల టెంపరేచర్ ముల్లు చాలా పెద్ద రేంజిలో మధ్యలోనే నిలబడి ఉండేలా చేశారు. అది కదిలేసరికే బాగా ఆలస్యమైపోతుంది. 1995 నుంచి ఆయిల్ ప్రెషర్ మీటర్ కూడా అంతే, ప్రెషర్ ఉందా లేదా అన్నదే చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు. నిజమైన కూలెంట్ టెంపరేచర్ గేజ్ ఒకటి పెట్టించుకోండి. టెక్సస్ ఎండల్లో జూలై మధ్యాహ్నం సెషన్‌కు ఇది లేకుండా వెళ్ళకండి.

ఈ ఇంజిన్ వంశం మొదట ముందు చక్రాల డ్రైవ్ ఉన్న కార్లలో అడ్డంగా పెట్టడానికి తయారైంది. మియాటాలో నిలువుగా తిప్పి పెట్టారు. దాంతో నీళ్ళు ఇంజిన్ ముందు నుంచే లోపలికి వెళ్ళి, ముందు నుంచే బయటకు వస్తాయి. వెనక ఉన్న నాలుగో సిలిండర్ దగ్గర ప్రవాహం తక్కువ. అందుకే ట్రాక్ మీద ఎక్కువగా తిరిగేవాళ్ళు కూలెంట్ రీరూట్ అని, నీళ్ళు వెనక నుంచి బయటికి వచ్చేలా మార్పు చేయిస్తారు. మొదటి ఏడాదిలో, మార్పులు చేయని (స్టాక్) ఇంజిన్‌కు అది అవసరం లేదు. ఆరోగ్యంగా ఉన్న రేడియేటర్, కొత్త హోస్‌లు, సరైన నిష్పత్తిలో కూలెంట్ చాలు.

బంపర్ కింద ఉండే ప్లాస్టిక్ అండర్‌ట్రే గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. ఆయిల్ మార్చేటప్పుడు అడ్డమని తీసేసి, తిరిగి పెట్టని కార్లు ఎన్నో. అది లేకపోతే ముందు నుంచి వచ్చిన గాలి రేడియేటర్ గుండా పోకుండా కిందనుంచి తప్పుకుంటుంది. కొత్త అల్యూమినియం రేడియేటర్ కొనేముందు కింద వంగి ఆ ట్రే ఉందో లేదో చూడండి.

టైర్లు?

మొదటి రెండు మూడు ట్రాక్ డేలు మామూలు మంచి రోడ్డు టైర్లతోనే వెళ్ళండి. అవి పట్టు వదిలేముందు కుయ్యిమని చెబుతాయి, నెమ్మదిగా జారతాయి. జారుతున్న కారును ఎలా సర్దుకోవాలో తక్కువ వేగంలో నేర్చుకోవచ్చు. జిగురు టైర్లు చాలా ఎక్కువ వేగం దాకా పట్టి ఉంచి, ఆ తర్వాత ఒక్కసారి వదిలేస్తాయి. పైగా హబ్బుల మీద, బ్రేకుల మీద భారం పెంచుతాయి.

ఆ తర్వాత 200 ట్రెడ్‌వేర్ (టైరు అరుగుదల రేటింగ్, సాధారణంగా అంకె తగ్గే కొద్దీ పట్టు ఎక్కువ) రకానికి మారండి. 15 అంగుళాల చక్రానికి 205/50 సైజు ఈ కారుకు చక్కగా సరిపోతుంది, బ్రాండ్లు కూడా బోలెడు. కొనేముందు టైరు పక్కన ముద్రించిన డాట్ నంబర్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి. 3022 అని ఉంటే 2022లో 30వ వారం తయారైందని. ఆరేళ్ళు దాటిన టైరు ఎంత గాడి ఉన్నా ట్రాక్‌కు వద్దు. గాలి పీడనం వేడెక్కాక పెరుగుతుంది కాబట్టి సెషన్ నుంచి రాగానే కొలిచి తగ్గించుకోవాలి, ఇంటికి బయల్దేరేముందు మళ్ళీ నింపుకోవాలి.

సస్పెన్షన్ ఎప్పుడు మార్చాలి?

షాక్‌లు కారుతుంటే వెంటనే. లేకపోతే ముందు అలైన్‌మెంట్ చేయించండి. ముందు చక్రాలకు కుదిరినంత నెగెటివ్ క్యాంబర్ (చక్రం పై అంచు లోపలికి వాలడం) ఇస్తే కారు స్వభావమే మారిపోతుంది, టైరు బయటి అంచు ఊరికే అరగదు. ఈ కారులో క్యాంబర్‌ను బోల్టులతోనే సర్దుకోవచ్చు, విడిగా భాగాలేవీ కొనక్కర్లేదు. చిక్కల్లా ఆ బోల్టులు బుష్‌లలో తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉండటమే. షాపుకు వెళ్ళడానికి వారం ముందు నుంచి రోజూ నూనె కొట్టి నాననివ్వండి.

చవక కాయిలోవర్లు (ఎత్తు సర్దుకునే స్ప్రింగు, షాక్ జతలు) నాకు అస్సలు నచ్చవు. కారును కిందికి దించుతాయి, ఫోటోల్లో బాగుంటుంది, గతుకు మీద మాత్రం చక్రం గాల్లోకి లేస్తుంది. మంచివి కొనేంత డబ్బు చేరేదాకా స్టాక్‌తోనే తిరగండి.

ఎగ్జాస్ట్, ఎయిర్ ఫిల్టర్, టర్బో?

ఎగ్జాస్ట్, ఫిల్టర్ మార్చితే వచ్చే పవర్ కన్నా శబ్దమే ఎక్కువ. శబ్దం కొన్ని ట్రాక్‌లలో పెద్ద సమస్య. కాలిఫోర్నియాలోని లగూనా సేకాలో చాలా రోజుల్లో 90 డెసిబెల్స్ పరిమితి ఉంటుంది, దాటితే నల్ల జెండా చూపి పిలుస్తారు. ఫీజు కట్టి, ఇంత దూరం వెళ్ళి, శబ్దం వల్ల పక్కన కూర్చోవడం ఎవరికి కావాలి?

టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపి పవర్ పెంచే భాగం) అంటే ఆ ఒక్క భాగంతో అయిపోదు. ఇంటర్‌కూలర్, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్), క్లచ్, పెద్ద రేడియేటర్, 1.6 కారైతే డిఫరెన్షియల్ కూడా మార్చాలి. వేగం పెరిగింది కాబట్టి బ్రేకులు. అన్నీ అయ్యాక కారు ట్రాక్ మీద కన్నా జాకీ మీదే ఎక్కువ ఉంటుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, బాగా తిరుగుతున్న కారును తిరగకుండా చేసుకోవడమే. ఆ డబ్బుతో పది పదిహేను ట్రాక్ డేలకు వెళ్ళొచ్చు. అన్ని రోజులు ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని నేర్పితే మీ ల్యాప్ టైమ్ ఎంత తగ్గుతుందో ఏ టర్బో తగ్గించలేదు.

మొదటి ఏడాదికి మొత్తం ఎంత అవుతుంది?

మంచి కారుకు 6,500 డాలర్లు పెట్టారనుకుందాం. ఇది పనులన్నీ షాపులో చేయించుకునే లెక్క. ఎస్‌ఏ హెల్మెట్ 350. రోల్ బార్, ప్యాడింగ్, బిగింపు కలిపి 1,200. టైమింగ్ బెల్ట్, వాటర్ పంప్ 800. రేడియేటర్, హోస్‌లు, థర్మోస్టాట్ 350. ప్యాడ్లు, రోటర్లు, ఫ్లూయిడ్ 450. మిగతా ఆయిళ్ళు, చిల్లర భాగాలు 150. టైర్లు 700, అలైన్‌మెంట్ 150. ఇక్కడికి 4,150. నాలుగు ట్రాక్ డేలు, రోజుకు 300 చొప్పున 1,200. పెట్రోలు, తిండి 300. అంటే 5,650. దీనిమీద అనుకోని వాటికి 800 పక్కన పెడితే 6,450. కారు ధర ఎంతో మొదటి ఏడాది ఖర్చు దాదాపు అంత. ఈ మాట ముందే తెలిస్తే కారు బేరం ఎక్కడ ఆపాలో మీకే తెలుస్తుంది.

బెల్ట్, బ్రేకులు, రేడియేటర్ మీ చేతులతో చేసుకుంటే వెయ్యి డాలర్ల దాకా మిగులుతుంది. కాకపోతే మనలో చాలామంది అపార్ట్‌మెంట్లలో ఉంటాం, లీజులో పార్కింగ్‌లో రిపేర్లు చేయకూడదని రాసి ఉంటుంది. ఇల్లున్న స్నేహితుడి గ్యారేజీ, లేదా గంటల లెక్కన లిఫ్ట్ అద్దెకిచ్చే చోట్లు చూసుకోవాలి.

అంత డబ్బు లేదు, సగమే ఉందంటే టైర్లు వాయిదా వేయండి, నాలుగు రోజులకు బదులు రెండు రోజులే వెళ్ళండి. రోల్ బార్, ఫ్లూయిడ్, బెల్ట్ మాత్రం వాయిదా వేయకండి. లేదా మొదటి ఏడాది ఆటోక్రాస్‌తో సరిపెట్టుకోండి. ఖాళీ పార్కింగ్ స్థలంలో కోన్‌లు పెట్టి ఒక్కో కారునే వదులుతారు, ఫీజు బాగా తక్కువ. స్టాక్ మియాటాకు సాధారణంగా రోల్ బార్ అడగరు, కారును అదుపు చేయడం మాత్రం నిజంగా నేర్పుతుంది.

క్రెడిట్ కార్డు మీద అప్పు పెట్టి ట్రాక్ డేకి వెళ్ళకండి. కారు గోడకు తగిలి పనికిరాకుండా పోయినా ఇంటి ఖర్చులకు, ఇండియాకు పంపే డబ్బుకు తేడా రాకూడదు. ఈ విషయం ఇంట్లో భార్యతోనో భర్తతోనో ముందే అంకెలతో సహా మాట్లాడుకోవాలి.

నా కారు ఇన్సూరెన్స్ పనిచేస్తుందా?

పనిచేయదనే అనుకోండి. చాలా పాలసీల్లో రేస్ ట్రాక్ మీద జరిగే దేన్నైనా మినహాయిస్తారు, రేసు కాకపోయినా సరే. మీ పాలసీ కాగితాల్లో మినహాయింపుల పేజీ చదవండి. హ్యాగర్టీ లాంటి కంపెనీలు ఒక్క రోజుకు ట్రాక్ డే ఇన్సూరెన్స్ అమ్ముతాయి. మీరు చెప్పిన కారు విలువను బట్టి ప్రీమియం ఉంటుంది, కొంత మొత్తం మీరే భరించాలి. అది సాధారణంగా మీ కారు నష్టానికే వర్తిస్తుంది. ఆరు వేల డాలర్ల కారుకు అవసరమా అన్నది మీ ఇష్టం. హెల్త్ ఇన్సూరెన్స్ మాత్రం అమలులో ఉందో లేదో, ఇలాంటి వాటికి మినహాయింపు ఉందో చూడకుండా వెళ్ళొద్దు. ఉద్యోగం మారే మధ్యలో ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్త.

ట్రాక్ డే అయ్యాక కారును ఏం చేయాలి?

చివరి ల్యాప్ నెమ్మదిగా, బ్రేకులు తక్కువ వాడుతూ తిరిగి రండి. పిట్‌లో ఆపాక హ్యాండ్ బ్రేక్ వేయకండి, వేడి ప్యాడ్ రోటర్‌కు అంటుకుని ఆ ముద్ర మిగులుతుంది. గేరులో పెట్టి చక్రానికి అడ్డు పెట్టండి. ఇంటికి వెళ్ళాక ప్యాడ్ మందం, రోటర్ పగుళ్ళు, చక్రాల ఆట, కింద ఆయిల్ మరకలు చూసి ఒక నోట్‌బుక్‌లో తేదీతో రాసుకోండి. తర్వాత ఏం కొనాలో ఆ పుస్తకమే చెబుతుంది. ప్యాడ్లు వేడికి చాలడం లేదని అందులో ఉంటే ప్యాడ్లు, టెంపరేచర్ పెరుగుతోందని ఉంటే రేడియేటర్. అందులో లేని సమస్యకు డబ్బు పెట్టకండి.

హైదరాబాద్‌లో ఉంటే ఇదంతా కుదురుతుందా?

మియాటాతో కష్టం, ఇండియాలో దాన్ని అధికారికంగా అమ్మలేదు. కానీ ఖర్చు క్రమం ఏ కారుకైనా ఇదే. మనకు దగ్గరలో ఉన్న పెద్ద ట్రాక్ చెన్నై బయట ఇరుంగాట్టుకోట్టైలో ఉంది, 1990లో మొదలైంది. కోయంబత్తూర్‌లో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది, గ్రేటర్ నోయిడాలో 5.125 కిలోమీటర్ల బుద్ధ్ సర్క్యూట్ ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా కారులో మార్పులు చేయకూడదు. కాబట్టి రోడ్డు మీద తిరిగే కారుకు మంచి టైర్లు, ప్యాడ్లు, ఫ్లూయిడ్ దగ్గరే ఆగడం మేలు.

ఇంట్లోవాళ్ళను తీసుకెళ్ళొచ్చా?

ప్యాడాక్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆపుకునే చోటు) చాలాచోట్ల రానిస్తారు, అందరూ వేవర్ (ప్రమాదం జరిగితే నిర్వాహకులది బాధ్యత కాదని ఒప్పుకునే కాగితం) మీద సంతకం పెట్టాలి. చిన్నపిల్లలకు వయసు నిబంధనలు క్లబ్బును బట్టి మారతాయి, ముందే ఈమెయిల్ చేసి అడగండి. నీడ ఉండదు కాబట్టి టెంట్, కుర్చీలు, నీళ్ళు, అందరికీ చెవి ప్లగ్గులు తీసుకెళ్ళండి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వేసవి నెలల్లో కాకుండా అక్టోబర్, నవంబర్ ఈవెంట్లు చూడండి. క్యాంటీన్ ఉన్నా బర్గర్లు, హాట్ డాగ్‌లే ఎక్కువ, కాబట్టి పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో సర్దుకోండి. ఆ డబ్బాలు మాత్రం మొదటి సెషన్‌కు ముందే కారులోంచి దించేయండి.